సీటు కింద సీసా

హాల్మర్ ఊరి గ్రంథాలయం వాళ్ళు ఏటా చలికాలంలో ఒక పుస్తకాన్ని ఎంచి, ఊరందరి చేతా చదివిస్తారు. ఆ ఏడు మార్లిస్ ట్వేట్ రాసిన నవలను ఎంచారు. సొంతూరి పిల్ల, నలుగురిలో పేరు తెచ్చుకున్న రచయిత్రి, అందులోనూ కథ జరిగేది తమ సరస్సు మీద. ఇంకేం కావాలి? మంగలి దుకాణంలో, బ్యాంకులో, చర్చి బేస్‌మెంటులో, ఎక్కడ చూసినా ఆ నీలం అట్టే. పుస్తకమంటే ఆమడ దూరం పారిపోయే మగవాళ్ళు కూడా గడ్డకట్టిన సరస్సు మీద తమ చేపల గుడిసెల్లో కూర్చుని, మంచుగడ్డకు పొడిచిన కన్నంలోకి గాలం వదిలి, పుస్తకం తెరిచారు. చేపలకు ఆ ఏడు మంచి రోజులొచ్చాయని ఊళ్ళో వేళాకోళం.

మార్లిస్ సెయింట్ పాల్ నగరంలో ఉంటుంది. అక్కడి కాలేజీలో కథలు రాయడం నేర్పుతుంది, నేర్పగా మిగిలిన పొద్దులో తన కథలు తాను రాసుకుంటుంది. అరవైకి దగ్గర పడింది. మొగుడితో విడిపోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఆదివారం చర్చి అయ్యాక ఆ పుస్తకం మీద సభ అంటే, శనివారమే కారేసుకుని ఉత్తరానికి బయలుదేరింది. ఊరి మొదట్లో పెట్రోలు బంకు బోర్డు మీద ఆమెకు స్వాగతం పలుకుతూ పెద్ద పెద్ద అక్షరాలు. అది చూసి సంతోషపడాలి కదా అనుకుంది. ఏమీ అనిపించలేదు. ఈ మధ్య ఆమెకు ఏమీ అనిపించడం లేదు. నవలకు బహుమతి వచ్చిందని ఫోను చేసినప్పుడూ అంతే. గిన్నెలు తోముతూ విని, మంచిదండీ అని, మళ్ళీ గిన్నెలు తోముకుంది. పళ్ళ డాక్టరు సూది పొడిచాక బుగ్గ ఎలా ఉంటుంది? ఉందని తెలుస్తుంది, మనదని తెలియదు. మనిషి మొత్తం అలా తయారైంది.

ఎప్పటి నుంచి ఇలా అంటే, ఆమెకు బాగానే తెలుసు. ఆ నవలలో రెండు పేజీలు రాసిన పొద్దుటి నుంచి.

ముప్పై ఏళ్ళ పైమాట అది. మార్చి నెల. ఆమె తమ్ముళ్ళిద్దరూ, రాయిస్, కర్ట్, పికప్ ట్రక్కులో గడ్డకట్టిన సరస్సు మీదుగా తమ చేపల గుడిసెకు బయలుదేరారు. పెద్దవాడు రాయిస్ నడుపుతున్నాడు. ఒడ్డులు రెండూ దగ్గరకొచ్చే ఇరుకు దగ్గర మంచుగడ్డ విరిగి ట్రక్కు మునిగిపోయింది. రాయిస్ కిటికీలోంచి బయటపడ్డాడు. కర్ట్ పడలేదు. వాడికి పంతొమ్మిదేళ్ళు. ముందు రోజు ఊళ్ళో సగం బళ్ళు ఆ దారినే పోయాయి, ఆ పొద్దున కూడా రెండు మూడు పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. వీళ్ళకు అయింది. కారణం అంటూ ఏమీ లేదు.

నవలలో మార్లిస్ పేర్లు మార్చింది. తక్కినదంతా ఉన్నదున్నట్టు రాసి పంపితే, న్యూయార్క్‌లోని ఆమె సంపాదకుడు ఫోను చేసి, "చావుకి కారణం లేకపోతే చదివేవాడు ఒప్పుకోడు మార్లిస్. బయట చెల్లుతుందేమో గానీ పుస్తకంలో చెల్లదు," అన్నాడు. నిజమే అనిపించింది. తన విద్యార్థులకు తానూ అదే చెబుతుంది మరి. మర్నాడు పొద్దున కూర్చుని, నవలలో ట్రక్కు నడిపే అన్న సీటు కింద ఒక బ్రాందీ సీసా పెట్టింది. రెండు పేజీలు. ఏడుపొస్తుందని ముందుగానే చేతిరుమాలు పక్కన పెట్టుకుంది. రాలేదు. వాక్యాలు కుదిరాయన్న తృప్తి మాత్రం కలిగింది. పత్రికలవాళ్ళు ప్రత్యేకంగా ఆ రెండు పేజీలనే మెచ్చుకున్నారు. అచ్చు కాకముందే రాయిస్‌కు పంపి అడిగింది కూడా. "పేర్లు మార్చావుగా, ఫర్వాలేదులే," అన్నాడు. ఆ ఇంట్లో కర్ట్ గురించి అంతకన్నా ఎక్కువ ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

బంకులో ఆగి పెట్రోలు పోయించుకుని లోపలికెళితే, గల్లాపెట్టె వెనక వెర్లిన్ కూర్చుని ఉన్నాడు. బంకూ, గాలాల కొట్టూ రెండూ అతనివే. రాయిస్‌కు చిన్నప్పటి నుంచీ జతగాడు.

"ఏమమ్మా రచయిత్రీ, ఊళ్ళో అందర్నీ పుస్తకంలోకి ఎక్కించావు, నన్నొక్కణ్ణే వదిలేశావేం? లావని పట్టలేదా?"

"నిన్నెక్కిస్తే ఇంకెవరికీ చోటుండదని భయమేసింది వెర్లిన్."

అతను కాసేపు నవ్వి, శుభ్రంగా ఉన్న గల్లా బల్లనే గుడ్డతో మళ్ళీ తుడిచాడు. ఈ ఊళ్ళో మనిషి శుభ్రంగా ఉన్నదాన్ని తుడుస్తున్నాడంటే ఏదో చెప్పబోతున్నాడన్నమాట.

"బస్సు ఈ మధ్య ఖాళీగా పోతోంది," అన్నాడు.

"ఏ బస్సు?"

"స్కూలు బస్సు. మీ రాయిస్ నడిపేది. తల్లులంతా పొద్దున్నే పిల్లల్ని కార్లలో దింపుతున్నారు. చలి కదా అంటున్నారు. నాకు తెలిసి ఇక్కడ ఏటా చలే."

మార్లిస్‌కు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "నా పుస్తకం వల్లనా?"

"నేనేం అనడం లేదమ్మా. వాడితో ఇన్నేళ్ళు చేపలు పట్టాను, వాడు చుక్క ముట్టడం నేను చూడలేదు. అయితే అప్పటి సంగతి నాకేం తెలుసు? నువ్వే రాశావుగా."

"అది కల్పన వెర్లిన్. నవల. సీసా నేను పెట్టాను."

"అవునవును, నవలే," అన్నాడు వెర్లిన్. ఎగతాళి చేసినా బావుండేది. అతి మర్యాదగా తలూపి, చిల్లర చేతిలో పెట్టాడు.

రాయిస్ ఇల్లు ఊరి చివర. తలుపు తీసింది అతని భార్య, ఊళ్ళో చిన్న కొట్టు నడిపే లవాన్. కోటు అందుకుని తగిలించింది, కాఫీ పోసింది, నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు ముందు పెట్టింది. తింటావా అని ఒకసారి అడిగితే వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారికి చిన్న ముక్క తీసుకోవాలి. మర్యాదలన్నీ సక్రమంగా జరిగాక లవాన్ కూర్చుంది.

"నీ పుస్తకం చదివాను. బావుంది," అంది.

"బంకులో వెర్లిన్ చెప్పాడు, బస్సు సంగతి."

"చెప్పాడా? మంచిది. నేను చెప్పే పని తప్పింది." కప్పు కింద పెట్టింది లవాన్. గొంతు మాత్రం పెంచలేదు. "సోమవారం స్కూలు వాళ్ళు రమ్మన్నారు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అంటారట. విశ్రాంతి. ఆయన బస్సు నడపడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఒక్క పిల్లకి గీత పడలేదు. తుఫానులో బస్సు దిగబడిపోతే చిన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఎత్తుకుని ఇళ్ళల్లో దింపొచ్చాడు. అది రాయలేదేం నువ్వు?"

అది కథకు పనికి రాలేదు, అందుకని మార్లిస్ రాయలేదు. ఆ మాట పైకి అనగలిగేది కాదు.

"నువ్వు రాసేది రాసి పట్నంలో కూర్చుంటావు. ఈ ఊళ్ళో బతకాల్సింది మేం. నా కొట్టులోకి వచ్చేవాళ్ళు కూడా నా వంక జాలిగా చూస్తున్నారు మార్లిస్. తిడితే తిరిగి తిట్టొచ్చు. జాలిని ఏం చేయను?"

"రేపు సభలో చెబుతాను. సీసా నేనే పెట్టానని అందరి ముందూ చెబుతాను."

"చెప్పు. మొట్టమొదట అదే చెప్పు." లవాన్ లేచి, రాత్రి భోజనానికి ఓవెన్‌లో పెట్టిన హాట్‌డిష్ చూసింది. మళ్ళీ వెనక్కి తిరిగి, "వింతేంటంటే, ఊరంతా ఇలా ఉంటే ఈయన మాత్రం పడుకోగానే నిద్రపోతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అలా నిద్రపోగా నేను చూడలేదు," అంది.

రాయిస్ షెడ్డులోంచి వచ్చాడు. బూట్లు విప్పాడు, అక్క భుజం మీద ఒకసారి తట్టాడు. దారి ఎలా ఉందని అడిగాడు. బావుందంది. చలి ఎక్కువగా ఉందా అక్కడ అన్నాడు. ఇక్కడంత లేదంది. భోజనం అయ్యేదాకా మాటలు ఆ పరిధి దాటలేదు. తమ్ముడి ముఖం మాత్రం తేటగా ఉంది, నుదుటి మీద ముడి లేదు. ఆ ముడి లేకుండా వాణ్ణి ఆమె వాడి కుర్రతనంలోనే చూసింది. సిగ్గుపడాలి, బాధపడాలి, కనీసం భోజనం దిగకూడదు. మార్లిస్ రెండుసార్లు వడ్డించుకుని తింది.

గ్రంథాలయం చిన్నది కావడంతో సభ చర్చి బేస్‌మెంటులో పెట్టారు. బెంచీలన్నీ నిండాయి. గోడ పక్కన బల్లల మీద ఎవరింటివి వాళ్ళు తెచ్చిన బార్లు, కేకులు, రెండు పెద్ద కాఫీ పాత్రలు. గ్రంథాలయం నడిపే షెల్బీ అనే అమ్మాయి ఎర్రబడ్డ బుగ్గలతో అందరినీ కూర్చోబెట్టి, "మార్లిస్ గారూ, ముందు రచన గురించి నాలుగు మాటలు..." అంటుండగానే మార్లిస్ లేచింది.

"ముందు వేరే ఒక మాట," అంది. "నవలలో బ్రాందీ సీసా ఉంది కదా. అది కల్పించింది నేను. కర్ట్ పోయిన రోజు రాయిస్ తాగలేదు. ఆ పొద్దున కాఫీ పోసి ఇచ్చింది నేనే. నా పుస్తకం బాగా అమ్ముడుపోవాలని వాడి చేతిలో సీసా పెట్టాను. వాడి బస్సులో పిల్లల్ని ఎక్కించకపోవడానికి కారణం అదే అయితే, దానికి కారణం నేను. వాడు కాదు."

ఇంత సూటిగా మాట్లాడడం ఆ ఊళ్ళో బట్టలు లేకుండా తిరగడంతో సమానం. అందరూ ఒళ్ళో పుస్తకాల వంక చూశారు. చిన్నప్పుడు ఆమెకు పాఠాలు చెప్పిన మిసెస్ నైగార్డ్, ఇప్పుడు తొంభైకి చేరువైన ముసలమ్మ, ముందు వరసలోంచి ఆమెకేసి ఆప్యాయంగా నవ్వింది.

"నీ తమ్ముడంటే నీకెంత ప్రేమో మాకు తెలుసమ్మా. ఏ అక్కయినా అదే చెబుతుంది. మేమెవరమూ వాణ్ణి తప్పు పట్టడం లేదు. కుర్రతనంలో ఎవరు చేయని పనులు గనక?"

చాలా తలలు ఊగాయి. క్షమించేస్తున్నారు. చేయని తప్పుకి, మనసారా, ఊరు ఊరంతా కలిసి క్షమించేస్తోంది.

"ప్రేమ కాదు టీచర్ గారూ. నిజం."

నడిమి వరసలో చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఒక తల్లి చేయెత్తింది. బస్సెక్కే పిల్లలు ఇంకో ఇద్దరున్నారు ఆమెకు. తగువు పెట్టుకునే మనిషిలా లేదు, అర్థం చేసుకోవాలనే ఆత్రం కనబడుతోంది.

"నాకు ఒకటి అర్థం కావడం లేదండీ. మోకాళ్ళతో స్టీరింగు పట్టుకుని రెండు చేతులా మూత తిప్పడం, తమ్ముడు చూడకుండా అటు తిరిగి గుటకేయడం, ఆ చేతి తొడుగు తడవడం... ఇవన్నీ చూడకుండా ఎవరైనా ఎలా రాస్తారు?"

"అదేనమ్మా నా పని. లేనిదాన్ని ఉన్నట్టు రాయడం. నాకు జీతం అందుకే ఇస్తారు."

"ఆహా," అంది ఆ తల్లి. కాస్త ఆలోచించింది. "అంటే ఇప్పుడు మీరు చెప్పేది కూడా..."

పూర్తి చేయలేదు, పాపం. తనే కంగారుపడి పిల్ల టోపీ సర్దుకుంది. జీవితమంతా నమ్మించడమే నేర్చుకున్న మార్లిస్‌కు, నిజాన్ని నమ్మించే విద్య మాత్రం ఒంటబట్టలేదు. ఎంత గట్టిగా చెబితే అంత కథలా వినబడుతుందని ఆమెకు వృత్తిరీత్యా తెలుసు. కోపం రావలసిన చోట అదే చల్లని మొద్దుతనం.

అప్పుడు వెనక కాఫీ పాత్రల దగ్గర నిలబడ్డ రాయిస్ గొంతు సవరించుకున్నాడు.

"మా అక్కని ఇబ్బంది పెట్టకండి," అన్నాడు. "నన్ను కాపాడుదామని అంటోంది. ఆ రోజు నేను తాగాను. పుస్తకంలో ఉన్నట్టే. రేపు స్కూలు వాళ్ళకి తాళాలు ఇచ్చేస్తాను. పిల్లలు ఇంక బస్సులో రావచ్చు."

లవాన్ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. లేచి, కోటు కూడా తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. మిసెస్ నైగార్డ్, "కాఫీ ఇంకా వేడిగానే ఉన్నట్టుంది, ఎవరికైనా కావాలా?" అంది. జనం ఊపిరి పీల్చుకుని, కాఫీ కోసం లేచారు.

మార్లిస్ బయటికి వెళ్ళేసరికి రాయిస్ తన ట్రక్కులో ఇంజను వేసుకుని కూర్చున్నాడు. అవతలి తలుపు తీసుకుని ఎక్కింది.

"లవాన్ ఏది?"

"నడిచి పోతోంది. ఎక్కమంటే ఎక్కలేదు. కోపం తగ్గాక మాట్లాడతాను."

"ఒరేయ్ రాయిస్, ఎందుకురా అలా చెప్పావు? నువ్వు తాగలేదు."

"తాగాను మార్లీ."

"ఆ పొద్దున మీ ఇద్దరికీ వంటింట్లో కాఫీ పోసి ఇచ్చాను. నీ కోటు గుండీ ఊడితే నేనే పిన్ను పెట్టాను. నీ దగ్గర ఏ వాసనా లేదు."

"ట్రక్కులో నువ్వు లేవుగా."

అదీ నిజమే. అద్దం మీద పడుతున్న సన్న మంచును వైపర్లు తోసేస్తున్నాయి.

"మొదట్లో నాకూ గుర్తు లేదు," అన్నాడు రాయిస్. "నీ పుస్తకం చదివాక ఒకటీ ఒకటీ వచ్చాయి. సీటు కింద చెయ్యి పెట్టడం. గాజు చల్లగా తగలడం. ఎర్ర మూత."

మార్లిస్ కళ్ళు మూసుకుంది. ఆ రెండు పేజీలు రాసిన పొద్దున ఆమెకు జలుబు. బల్ల మీద దగ్గు మందు సీసా ఉంది. దాని మూత ఎర్రది. సీసా మూతకు రంగు కావలసి వచ్చి, తలెత్తి చూసి, అదే రాసేసింది.

"అది నా దగ్గు మందు మూతరా," అంది. "నా బల్ల మీదది. నీ ట్రక్కులోది కాదు."

"బ్రాందీ సీసాలకీ ఉంటాయి ఎర్ర మూతలు."

"రాయిస్, నువ్వు చదివింది గుర్తొచ్చిందనుకుంటున్నావు."

"మార్లీ, ఒక్క నిమిషం ఆగు. నన్ను చెప్పనీ." అతను స్టీరింగు మీద చేతులు పెట్టి, ముందుకు చూస్తూ మాట్లాడాడు. అన్ని మాటలు ఒక్కసారిగా తమ్ముడు మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. "నేనేం తప్పు చేశానా అని ముప్పై ఏళ్ళు వెతికాను. జోరుగా పోయానా? లేదు. దారి తప్పానా? లేదు. అందరూ పోయిన దారే. ఏ తప్పూ దొరకలేదు. ఏ తప్పూ లేకుండా వాడు పోయాడంటే, అలాంటిది ఎప్పుడైనా జరగొచ్చన్నమాట. పిల్లలు నిండా ఉన్న బస్సుకి జరగొచ్చు. పొద్దున్నే తాళం తిప్పినప్పుడల్లా ఇదే. రోజూ. ఎవరికీ చెప్పలేదు, లవాన్‌కి కూడా. ఇప్పుడు తెలిసింది. తాగాను, అందుకని జరిగింది. అంతే. తప్పు నాది. నాకు నిద్ర పడుతోంది అక్కా. దాన్ని తీసేయకు."

"ఉద్యోగం పోతుంది. ఊరు నిన్ను తాగుబోతంటుంది. లవాన్ నీ ముఖం చూడదు."

"చూస్తుందిలే. ఊరు అననీ."

ఇతరుల కథల్లో పొరపాటు ఎక్కడుందో మార్లిస్ చిటికెలో పట్టుకుంటుంది, ఎలా దిద్దాలో చెబుతుంది. ఇక్కడ ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. తమ్ముడికి అన్యాయం చేశానా, మేలు చేశానా అని తనను తాను అడిగింది. లోపల నుంచి ఏ జవాబూ రాలేదు.

"ఒకటి అడగనా?" అన్నాడు రాయిస్.

"అడుగు."

"పుస్తకంలో నీళ్ళు లోపలికొస్తుంటే వాడు, కిటికీ తియ్యి, కిటికీ తియ్యి అంటాడు. తర్వాత నువ్వు ఇంకో అధ్యాయంలోకి పోయావు. ఆ తర్వాత ఏమన్నాడు?"

"నాకెలా తెలుస్తుందిరా?"

"నాకైతే గుర్తు లేదు. నువ్వు చెబితే గుర్తొస్తుంది." అతను మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "వాడికి నా మీద కోపం వచ్చిందా?"

తెలియదు అనాలి. నిజం ఆ ఒక్క మాటే. బేస్‌మెంటులో అంతమంది ముందు నిలబడి చెప్పబోయి చెప్పలేకపోయిన నిజం లాంటిదే ఇదీ. తమ్ముడు ఆమె నోటివంక చూస్తూ కూర్చున్నాడు. తినిపిస్తారని చూసే చిన్నపిల్లవాడి చూపు.

"లేదు," అంది మార్లిస్.

"మరేమన్నాడు?"

"నువ్వు ముందు వెళ్ళు, నేను నీ వెనకే వస్తాను అన్నాడు."

రాయిస్ కళ్ళు మూసుకున్నాడు. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చాలాసేపటికి మెల్లగా తలూపాడు.

"అవును," అన్నాడు. "అదే అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది."

మార్లిస్‌కు భయం వేసింది. ఇన్ని నెలల తర్వాత ఆమెకు ఏదైనా అనిపించడం అదే మొదలు.